కౌన్సెలర్ల సంఘం ఎలా పుట్టింది, మనకెందుకు పట్టాలి: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో కొన్ని ఆదివారాలు మేం కూర్చుని మాట్లాడుకుంటాం. దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చేస్తున్నవాళ్లు, జూనియర్ కాలేజీల్లో, హాస్టళ్లలో కౌన్సెలర్లుగా కొత్తగా చేరినవాళ్లు, ఒకరిద్దరు టీచర్లు వస్తారు. మిర్యాలగూడ, దేవరకొండ నుంచే కాదు, అటు జడ్చర్ల, వనపర్తి నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వస్తారు. ఎవరొచ్చినా అవే అనుమానాలు. పుస్తకంలో అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ గురించి ఒక పేజీ ఉంటుంది. దాన్ని బట్టీ పట్టి, పరీక్ష రాసి మర్చిపోతారు. మనం రోజూ పడే ఇబ్బందులు అమెరికా కౌన్సెలర్లు ఎప్పుడో పడ్డారని, వాటికోసమే సంఘం పెట్టుకున్నారని నా నమ్మకం. అందుకే ఆ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. దేనికదే అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావాల్సింది చూసుకుని చదువుకోండి.

## మొట్టమొదటి అనుమానాలు

కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ కౌన్సెలింగే కదా సార్, దానికి సంఘమేంటి?

మన దగ్గర ఈ మాట మూడు రకాలుగా నడుస్తోంది. ఎంసెట్ రాసినవాళ్లకు, ఇప్పుడు ఈఏపీసెట్ రాసేవాళ్లకు, కౌన్సెలింగ్ అంటే సీట్ల కేటాయింపు. పేపర్లో "పోలీసులు యువకులకు కౌన్సెలింగ్ ఇచ్చారు" అని వస్తే, స్టేషన్‌కు పిలిచి గట్టిగా హెచ్చరించి పంపారని అర్థం. మూడోది మన పని. ఒక మనిషి తన కష్టమో, తికమకో చెప్పుకుంటే, శిక్షణ ఉన్న ఇంకో మనిషి శ్రద్ధగా విని, దారి తనే వెతుక్కునేలా తోడుండడం.

ఈ గందరగోళం చిన్నదేం కాదు. ఒక హాస్టల్లో తొమ్మిదో తరగతి పిలగాడిని "కౌన్సెలింగ్‌కు రమ్మంటున్నారు" అని పిలిస్తే, గుమ్మం దగ్గరే నిలబడి, చేతులు కట్టుకుని, "నేనేం తప్పు జేసిన సార్?" అన్నాడు. వాడికి ఆ మాట వినబడింది పోలీసు అర్థంలోనే. మన పనేంటో జనానికి వివరంగా చెప్పడం ఏ ఒక్క కౌన్సెలర్ వల్లా అయ్యేది కాదు, దానికి పదిమంది కలవాలి.

కౌన్సెలర్, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకటేనా?

కాదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక సమస్యలను పరీక్షించి అంచనా వేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. చదువు, పెళ్లి, ఉద్యోగం, దుఃఖం, పరీక్షల టెన్షన్ లాంటి వాటిలో మాటసాయంగా నిలబడేది కౌన్సెలర్. మందులు అవసరమనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపడం కూడా కౌన్సెలర్ బాధ్యతే.

అసోసియేషన్ అంటే యూనియనా, లేక ప్రభుత్వ ఆఫీసా?

రెండూ కాదు. లాయర్లను చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. జిల్లా కోర్టులో బార్ అసోసియేషన్ ఉంటుంది. లాయర్లు తమంతట తాము పెట్టుకున్నది, చందా కట్టి చేరతారు. బార్ కౌన్సిల్ వేరు. అది 1961 అడ్వకేట్స్ చట్టం కింద వచ్చింది. లాయరుగా నమోదు చేసుకునేదీ, తప్పు చేస్తే ఆ నమోదు తీసేసేదీ అదే. కౌన్సెలర్ల సంఘం బార్ అసోసియేషన్ లాంటిది. లైసెన్సు ఇవ్వలేదు, తీసెయ్యలేదు. కానీ తన సభ్యులు ఎలా నడుచుకోవాలో రాసి పెట్టగలదు, నడుచుకోకపోతే సభ్యత్వం రద్దు చేయగలదు, చట్టం కావాలని ప్రభుత్వాన్ని అడగగలదు. అమెరికాలో లైసెన్సు చట్టాలు రాకముందు కొన్ని దశాబ్దాల పాటు సంఘం నియమాలే కౌన్సెలర్లకు ఆధారం.

## పుట్టుక

ఈ వృత్తి అసలు ఎక్కడ మొదలైంది?

పాలమూరు వాళ్లకు ఈ కథ దగ్గరగా అనిపించాలి, ఎందుకంటే ఇది వలస కూలీల పేటలో మొదలైంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో నార్త్ ఎండ్ అనే పేట ఉంది. 20వ శతాబ్దం మొదట్లో అది యూరప్ నుంచి ఓడల్లో వచ్చిన పేదలతో కిక్కిరిసి ఉండేది. ఆ కుటుంబాల్లోని కుర్రాళ్లు ఏ పని దొరికితే ఆ పనిలో చేరిపోయేవాళ్లు. తమకేం వచ్చో, ఏ పనిలో ఎదుగూబొదుగూ ఉంటుందో చెప్పే దిక్కు లేదు.

ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన ఇంజనీరింగ్, లా రెండూ చదివాడు. 1908 జనవరిలో ఆ పేటలోనే ఒక వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. ఆయన పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు: ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత పనుల సంగతి తెలుసుకో, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో ఆలోచించుకో. కుర్రాడి తరఫున తాను నిర్ణయం తీసుకోకూడదన్నది ఆయన పట్టుదల. కేంద్రం తెరిచిన ఏడాదే చనిపోయాడు, ఆయన రాసుకున్నది మరుసటి ఏడు పుస్తకంగా వచ్చింది. ఇప్పుడు మన ఇంటర్ పిల్లలకు ఎంపీసీనా, బైపీసీనా అని చెప్పేటప్పుడు కూడా ఆ మూడు ముక్కలే ఆధారం. కాకపోతే మన ఇళ్లలో మూడోది పిల్లలకు వదలం.

మొదటి సంఘం ఎప్పుడు పెట్టారు?

1913లో, మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో. దాని పేరు నేషనల్ ఒకేషనల్ గైడెన్స్ అసోసియేషన్. పేరులోనే ఉంది, వాళ్ల పని వృత్తి ఎంపికలో దారి చూపడం. అప్పటికి మనసులోని బాధల గురించి మాట్లాడటం అందులో పెద్దగా లేదు. అది తర్వాత వచ్చి చేరింది.

ఒక పుస్తకంలో 1913, ఇంకో దాంట్లో 1952 అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?

ఇప్పుడున్న అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ స్థాపన అని అడిగితే 1952 రాయండి. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌లో నాలుగు సంఘాలు ఒకే వేదిక మీదికి వచ్చాయి. వృత్తి మార్గదర్శకుల సంఘం ఒకటి. కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లది ఒకటి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో విద్యార్థుల బాగోగులు చూసేవాళ్లది మూడోది. మామూలు కాలేజీల్లో అదే పని చేసేవాళ్లది నాలుగోది. విడివిడిగా మాట్లాడితే ఎవరూ వినడం లేదని కలిసి అమెరికన్ పర్సనెల్ అండ్ గైడెన్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఆ నాలుగింటిలో మొదటిది 1913 నాటిది కాబట్టి కొందరు వేరును అక్కడి నుంచి లెక్కపెడతారు. రెండు సంవత్సరాలూ నిజమే, ప్రశ్న ఏ సంఘం గురించో చూసుకోండి.

అమెరికాలో స్కూల్ కౌన్సెలర్లు ఒక్కసారిగా ఎందుకు పెరిగారు?

రష్యా వాళ్ల స్పుత్నిక్ వల్ల. 1957 అక్టోబర్‌లో సోవియట్ యూనియన్ మొదటి ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపింది. అమెరికా కంగారు పడింది. లెక్కల్లో, సైన్సులో చురుకైన పిల్లలను బళ్లలోనే గుర్తించాలనుకుని 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. గుర్తించేవాళ్లు కావాలి కదా, అందుకని స్కూల్ కౌన్సెలర్ల శిక్షణకు ఆ చట్టం కింద డబ్బు పెట్టింది. పిల్లవాడి మనసు కోసం కాక దేశం పోటీ కోసం వచ్చిన డబ్బు అది. అయినా ఆ గదుల్లో కూర్చున్న కౌన్సెలర్ల ముందుకు పిల్లలు లెక్కల మార్కులతో పాటు ఇంటి కష్టాలు కూడా తీసుకొచ్చారు. వృత్తి రూపం మారడానికి అదొక పెద్ద కారణమని నేననుకుంటాను.

## పేర్లు, పేచీలు

సంఘం పేరు అన్నిసార్లు ఎందుకు మార్చారు?

రెండుసార్లే మార్చారు. 1952లో పెట్టుకున్న పేరులో కౌన్సెలింగ్ అన్న మాటే లేదు. 1983లో అమెరికన్ అసోసియేషన్ ఫర్ కౌన్సెలింగ్ అండ్ డెవలప్‌మెంట్ అయింది. 1992 జులై 1న అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ అయింది. తాము చేసే పనిని దాని పేరుతోనే పిలుచుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది.

నల్లజాతి వాళ్లకు ఆ సంఘంలో చోటు ఉండేదా?

సభ్యులుగా ఉండేవాళ్లు, కానీ వాళ్ల మాటకు తగినంత చోటు ఉండేది కాదు. దాని మీద చాలా వాదనలు నడిచాక, 1972లో తెల్లవాళ్లు కానివాళ్ల సమస్యల కోసం సంఘంలోనే ఒక విభాగం ఏర్పడింది. 1985లో దాని పేరును బహుళ సంస్కృతుల కౌన్సెలింగ్ అన్న అర్థం వచ్చేలా మార్చారు. ఎదుటి మనిషి పుట్టిపెరిగిన తీరు తెలియకుండా సలహా చెప్పకూడదన్న ఆలోచన ఈ వృత్తిలో బలపడడానికి ఆ విభాగం చాలా పని చేసింది. తండాల నుంచి వచ్చి హాస్టల్లో చదివే లంబాడా పిల్లతో మాట్లాడే కౌన్సెలర్‌కు ఇది పాఠంలో ఒక పాయింటు కాదు, పనిలో మొదటి మెట్టు.

సంఘం నుంచి ఎవరూ విడిపోలేదా?

విడిపోయారు. 1952లో కలిసిన నాలుగు సంఘాల్లో ఒకటైన కాలేజీల సంఘం 1992లో బయటికి వెళ్లింది. మిగతా పని ఆగలేదు.

## నియమాలు, రహస్యం, లైసెన్సు

నియమావళి ఎప్పుడు వచ్చింది? అది లేకపోతే ఏమవుతుంది?

మొదటి నైతిక నియమావళి 1961లో వచ్చింది. అప్పటి నుంచి చాలాసార్లు సవరించారు, 2005లో ఒకసారి, 2014లో ఒకసారి. ఇంటర్నెట్ ద్వారా చేసే కౌన్సెలింగ్‌కూ, సోషల్ మీడియాకూ 2014 నాటి ప్రతిలో విడిగా ఒక భాగమే ఉంది.

అది లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కొన్నాళ్లు పనిచేశాను. కౌన్సెలింగ్ గది అంటూ ఇచ్చింది కెమిస్ట్రీ ల్యాబ్ పక్కన స్టోర్ రూమ్. విరిగిన బెంచీలు ఒక మూల, మధ్యలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, తలుపుకు గడియ లేదు. ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి ఒకామె అరగంట ఏడ్చి, కాస్త తేరుకుని వెళ్లింది. సాయంత్రం యాజమాన్యం మనిషి నన్ను పిలిచి, "ఏం చెప్పింది? రాసివ్వండి, ఫైల్లో పెట్టాలె" అన్నాడు. రాసివ్వనన్నాను. "జీతం మేమిస్తున్నం, మీరు దాచుడేంది?" అన్నాడు. నా వెనక చూపించుకోవడానికి ఒక్క కాగితం లేదు. ఫలానా సంఘం సభ్యుడిని, దాని నియమం ఇది, నేను దాన్ని మీరలేను అని చెప్పే వీలే ఉంటే ఆ మాట వేరేగా ఉండేది. రెండు నెలల తర్వాత నన్ను మానిపించారు. నియమావళి అంటే గోడకు తగిలించే కాగితం అనుకునేవాళ్లకు నేను ఈ సంగతి చెబుతాను.

మా పిల్ల మీతో ఏం చెప్పిందో కన్న తల్లికి కూడా చెప్పరా?

ఇది అమ్మలు అడిగే ప్రశ్న. కోపంతో కాదు, భయంతో అడుగుతారు. ముందు ఆ భయాన్ని గౌరవించాలి. నేను చెప్పే జవాబు ఇది: "అమ్మా, మీ పాప ప్రాణానికి గానీ, ఒంటికి గానీ ప్రమాదముందని తెలిస్తే ఆ క్షణమే మీకు చెప్తాను. మిగతావి తను మీతోనే చెప్పుకునేలా చూస్తాను, ఇద్దరూ కూర్చుంటే నేనూ పక్కనే కూర్చుంటాను." చాలామంది తల్లులు దీనికి ఒప్పుకుంటారు. మొదటి రోజే, పాప ఎదుటే ఈ మాట చెప్పాలి. మధ్యలో చెప్తే ఇద్దరికీ నమ్మకం పోతుంది. మైనరు విషయంలో తల్లిదండ్రుల హక్కునూ పిల్లల గోప్యతనూ రెండింటినీ చూసుకోమని సంఘాల నియమావళులు కూడా చెబుతాయి.

రహస్యం ఎట్లాంటి పరిస్థితిలోనైనా దాచాల్సిందేనా?

కాదు. ఎదుటి మనిషి తనకు గానీ, ఇంకొకరికి గానీ తీవ్రమైన హాని చేసేలా ఉంటే దాచకూడదు. అమెరికాలో టరాసాఫ్ కేసు ఈ విషయంలో పేరుపొందింది. ఒకరిని చంపాలనుకుంటున్నట్టు ఒక యువకుడు థెరపిస్టుతో చెప్పాడు, తర్వాత చంపేశాడు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉంటుందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. మన దేశంలో ఇంకో గట్టి నియమం ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. కౌన్సెలర్‌కు మినహాయింపు లేదు. పిల్లలతో పనిచేసే ప్రతివాళ్లూ ఇది ముందే తెలుసుకుని ఉండాలి.

అమెరికాలో లైసెన్సు ఎలా వచ్చింది?

ఒక కోర్టు కేసుతో కదలిక వచ్చింది. వర్జీనియా రాష్ట్రంలో వెల్డన్ అనే కెరీర్ కౌన్సెలర్ ప్రైవేటుగా పనిచేస్తుంటే, సైకాలజిస్టుల బోర్డు 1972లో కోర్టుకెళ్లి ఆపించింది. లైసెన్సు లేకుండా సైకాలజీ ప్రాక్టీసు చేస్తున్నాడన్నది అభియోగం. 1974లో కోర్టు రెండు మాటలు చెప్పింది. అతను చేసింది చట్టవిరుద్ధమే. అయితే ఈ వృత్తి సైకాలజీ కన్నా వేరు, దాన్ని వేరుగానే గుర్తించి నియంత్రించాలి. ఓడిపోయిన కేసులోంచే దారి దొరికింది. 1976లో వర్జీనియా కౌన్సెలర్ల చట్టం చేసింది, అమెరికాలో అదే మొదటిది. తర్వాత రాష్ట్రం తర్వాత రాష్ట్రం చేస్తూ వచ్చాయి, చివరిది కాలిఫోర్నియా, 2009లో. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 33 ఏళ్లు. ఒక్కో రాష్ట్రంలో ఎమ్మెల్యేల లాంటి వాళ్ల చుట్టూ తిరిగిందీ, ముసాయిదాలు రాసిందీ ఆయా సంఘాల వాళ్లే.

బ్రిటన్‌లో కూడా ఇలాంటిదే ఉందా?

ఉంది. 1970లో ఒక ఉమ్మడి వేదికగా మొదలై, 1977లో బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ కౌన్సెలింగ్ అయింది. 2000లో పేరులో సైకోథెరపీ కూడా చేర్చుకుంది.

## మన దేశంలో

మన దేశంలో ఈ పని ఎప్పటి నుంచి ఉంది?

1938లో కలకత్తా విశ్వవిద్యాలయంలో వృత్తి మార్గదర్శకం మీద పని మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1952-53 నాటి మొదలియార్ కమిషన్ హైస్కూళ్లలో మార్గదర్శకం ఉండాలంది. 1954లో కేంద్ర ప్రభుత్వం విద్యా, వృత్తి మార్గదర్శక కేంద్ర బ్యూరో పెట్టింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ కూడా గట్టిగానే చెప్పింది. కాగితం మీద మనం ఆలస్యం చేయలేదు. కానీ ఆ మాటలు దేవరకొండ బడి దాకా రాలేదు.

ఇక్కడ కౌన్సెలర్‌కు లైసెన్సు తప్పనిసరా?

క్లినికల్ సైకాలజిస్టుకు తప్పనిసరి. 1992 చట్టం కింద వచ్చిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు ఉండాలి. మామూలు కౌన్సెలర్‌కు చాలాకాలం ఏ చట్టమూ లేదు. మూడు నెలల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకున్నవాళ్లూ, ఎమ్మే చేసి ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నవాళ్లూ జనానికి ఒకేలా కనబడడానికి కారణం అదే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన షెడ్యూలులో కౌన్సెలర్లను కూడా చేర్చింది, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలంది. ఆ రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కాలి, ఏ చదువు చాలు అన్న చర్చ జరిగేటప్పుడు జిల్లాల నుంచి మాట్లాడే గొంతు ఉండాలని నా ఆరాటం.

నా దగ్గరికొచ్చినవాళ్ల వివరాలు దాచాలని మన చట్టంలో ఎక్కడైనా ఉందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ చూడండి. మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు అందులో ఉంది, మినహాయింపులూ ఉన్నాయి. అయితే అనారోగ్యమేమీ లేకుండా, పరీక్షల టెన్షన్‌తో వచ్చిన పిల్లకు ఆ సెక్షన్ నేరుగా వర్తిస్తుందని చెప్పుకోలేం. ఆ ఖాళీని పూడ్చాల్సింది వృత్తి నియమావళే.

అమెరికా సంఘంలో ఆన్‌లైన్‌లో సభ్యత్వం తీసుకుంటే ఇక్కడ ప్రాక్టీసు చేయొచ్చా?

సభ్యత్వం వేరు, లైసెన్సు వేరు. ఆ సభ్యత్వం అమెరికాలోనే ప్రాక్టీసు హక్కు ఇవ్వదు, ఇక్కడ ఎలా ఇస్తుంది? చదువుకోవడానికి పనికొస్తుంది. విజిటింగ్ కార్డు మీద అర్హతలా వేసుకోవడం మాత్రం తప్పు.

## మన జిల్లాల్లో

మన దగ్గర కౌన్సెలర్లు అసలున్నారా?

ఉన్నారు, పేరు లేకుండా ఉన్నారు. మన జిల్లాల్లో చాలామంది కౌన్సెలర్ అన్న బోర్డు మొదట చూసింది ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ గది మీద. హెచ్‌ఐవీ పరీక్షకు ముందూ తర్వాతా మాట్లాడేది వాళ్లే. విజయవాడ హైవే మీద లారీ నడిపే మనిషికి రిపోర్టు చేతిలో పెట్టి, ఇంట్లో భార్యకు ఎలా చెప్పాలో ఆలోచింపజేయడం ఎంత కష్టమో ఊహించండి. కుటుంబ వివాదాల్లో, బడుల్లో పనిచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అమ్మానాన్న బొంబాయికో, పుణెకో పనికి పోతే ముసలివాళ్ల దగ్గర పెరిగే పాలమూరు పిల్లలతో మాట్లాడే హాస్టల్ వార్డెన్లు ఏ బోర్డూ లేకుండా ఈ పనే చేస్తున్నారు. వీళ్లలో ఎక్కువమంది ఒకరికొకరు తెలియదు.

ఇప్పటికిప్పుడు మాట్లాడే మనిషి కావాలంటే?

14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ. రాత్రైనా పగలైనా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మనమే సంఘం పెట్టుకోవాలంటే ఏం చేయాలి?

కనీసం ఏడుగురు కావాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి. సంఘం లక్ష్యాలు రాసిన పత్రం, నిబంధనల పత్రం, సభ్యుల వివరాలు ఇవ్వాలి. అంతకుముందు తెలంగాణ ప్రాంతంలో ఇలాంటి సంఘాలు 1350 ఫసలీ (నిజాం కాలం నాటి సంవత్సరాల లెక్క) నాటి చట్టం కింద నమోదయ్యేవి. పాత సంఘాల కాగితాల మీద ఇప్పటికీ ఆ ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది.

నమోదు తేలిక. నిబంధనల్లో ఫిర్యాదు గురించి రాయడమే కష్టం. సన్మానాలు, సభ్యత్వ రుసుము, అధ్యక్షుడి పదవీకాలం అందరూ రాస్తారు. కౌన్సెలర్ తప్పు చేస్తే, సాయం కోసం వచ్చిన అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి, ఎన్ని రోజుల్లో వినాలి, వినేవాళ్లలో ఆడవాళ్లు ఎందరుండాలి అన్నది ముందు రాయండి.

మీరు పెడుతున్న సంఘంలో నేను చేరొచ్చా?

రండి. మేం ముసాయిదా రాసుకుంటున్నాం. ఫిర్యాదుల భాగం మూడోసారి దిద్దుతున్నాం. ఇప్పటికి ఐదుగురం ఉన్నాం: నల్లగొండ వాళ్లిద్దరు, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి నుంచి ఒక్కొక్కరు. సంతకాలకు ఇంకా ఇద్దరు కావాలి.